కౌమారంలో ఉద్వేగాలు: బడి చేయగలిగిన పని

వేదిక మీది పెద్దలకు, ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారాలు.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెప్పే మీకు కౌమార దశ పిల్లల ఉద్వేగాలను కొత్తగా పరిచయం చేయవలసిన అవసరం లేదు. నిన్నటి దాకా గలగలా మాట్లాడిన అమ్మాయి ఇవాళ ఎవరితోనూ పలకకపోవడం, చిన్న మాటకే ఒక అబ్బాయి బెంచీని తన్ని బయటికి వెళ్లిపోవడం, లెక్కల పీరియడ్ వచ్చేసరికి ఒకరికి కడుపునొప్పి మొదలుకావడం మీరు రోజూ చూస్తున్నవే. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. తమ ఉద్వేగాలను గుర్తించడం, వాటిని నిభాయించుకోవడం పిల్లలకు వారానికో పీరియడ్ పెట్టి పాఠం చెబితే అలవడేవి కావు. మనసు గాయపడిన సమయంలో బడిలోని పెద్దవాళ్లు తమతో ఎలా నడుచుకున్నారన్న దాన్ని బట్టే ఎక్కువగా అలవడతాయి.

ముందుగా ఈ వయసు గురించి కొంత చెప్పాలి. కౌమారంలో మెదడు ఎదుగుదల అన్ని భాగాల్లో ఒకే వేగంతో సాగదు. భయానికి, కోపానికి, పొగడ్తకు, తోటివారి చూపుకు వెంటనే స్పందించే భాగాలు ముందుగా చురుకవుతాయి. ఆగి ఆలోచించడానికి, పర్యవసానాన్ని ఊహించడానికి తోడ్పడే మెదడు ముందు భాగం, అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, పూర్తిగా పరిణతి చెందడానికి ఇరవై అయిదేళ్ల దాకా పడుతుంది. అందువల్ల ఒంటరిగా ఉన్నప్పుడు ఎంతో వివేకంగా మాట్లాడే పదో తరగతి పిల్లవాడు, నలుగురు స్నేహితులు చూస్తుండగా అవమానం ఎదురైతే, మనకు అర్థం కానంత తీవ్రంగా ప్రవర్తిస్తాడు. అది పెంపకం లోపమనీ, పొగరనీ తీర్పు చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నిద్ర విషయం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ వయసులో నిద్రను కలిగించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది కాబట్టి పిల్లలకు త్వరగా నిద్ర పట్టదు. కానీ వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం. పదకొండు దాటాక పడుకోబెట్టి తెల్లవారుజామున అయిదింటికి స్టడీ అవర్‌కు లేపే హాస్టళ్లలో, ఉదయం పూట కనిపించే చిరాకుకు, కన్నీళ్లకు సగం కారణం నిద్ర చాలకపోవడమేనని నా నమ్మకం. అక్కడ ఎంత కౌన్సెలింగ్ చేసినా, గంటసేపు ఎక్కువ నిద్రపోనిస్తే కలిగే మేలుకు సాటి రాదు.

ఇక గుర్తించడం గురించి. ఏమైందని అడిగితే పిల్లలు చెప్పే జవాబులు రెండే: ‘ఏం లేదు సార్’, లేదంటే ‘టెన్షన్‌గా ఉంది మేడమ్’. ఆ టెన్షన్ వెనుక తండ్రి పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చి అందరి ముందు కొడతాడన్న భయం ఉండవచ్చు. ప్రాణస్నేహితురాలు వేరే బెంచీలోకి మారిపోయిందన్న దిగులు ఉండవచ్చు. ఫీజు కట్టలేదని పేరు పిలిచినందుకు కలిగిన చిన్నతనం ఉండవచ్చు. చెల్లెలి మీద చేయి చేసుకుని వచ్చిన పశ్చాత్తాపం ఉండవచ్చు. వీటన్నిటికీ ఒకే ఓదార్పు పనికిరాదు. భయపడుతున్న పిల్లకు భద్రత కావాలి, చిన్నబోయిన పిల్లకు నలుగురి కళ్ల నుంచి కాసేపు చాటు కావాలి, దిగులుగా ఉన్న పిల్లకు పక్కన మనిషి కావాలి, తప్పు చేశానని కుమిలిపోతున్న పిల్లకు దాన్ని సరిదిద్దుకునే దారి కావాలి. తనలో ఉన్నది ఏమిటో తెలియని పిల్లవాడు తనకు ఏం కావాలో అడగలేడు. కలిగిన ఉద్వేగానికి మాట దొరికితే దాని ఉధృతి కొంత తగ్గుతుందనడానికి పరిశోధనల ఆధారం కూడా ఉంది. లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో ప్రచురించిన అధ్యయనంలో, కోపంతోనో భయంతోనో ఉన్న ముఖాలను చూస్తూ ఆ ఉద్వేగం పేరు చెప్పినప్పుడు, మెదడులో భయం వంటి ఉద్వేగాలకు వెంటనే స్పందించే అమిగ్డలా అనే భాగపు చురుకుదనం తగ్గినట్లు స్కానింగ్‌లో కనిపించింది.

దీన్ని తరగతి గదిలో అభ్యాసం చేయించడానికి శరీరంతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే పిల్లలు మనసు గురించి చెప్పడానికి సిగ్గుపడినా ఒంటి గురించి చెప్పడానికి వెనుకాడరు. కోపం వచ్చే ముందు చెవులు వేడెక్కుతాయా, పళ్లు బిగుసుకుంటాయా, అరచేతులకు చెమట పడుతుందా, గొంతులో ఏదో అడ్డుపడినట్లుంటుందా అని అడిగితే తరగతి మొత్తం మాట్లాడుతుంది. ఆ తరువాత నోటుబుక్కు చివరి పేజీలో ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత గీయించండి. పైకి వెళ్లే కొద్దీ ఒంట్లో ఉద్రేకం ఎక్కువ, కిందికి వచ్చే కొద్దీ నీరసం. కుడివైపు హాయి, ఎడమవైపు బాధ. జేమ్స్ రసెల్ అనే మనస్తత్వవేత్త 1980లో ఉద్వేగాలను ఇలా అమర్చి చూపించారు. మొదటి పీరియడ్‌లో హాజరు వేస్తుండగా పిల్లలు తాము ఎక్కడున్నారో ఒక చుక్క పెట్టి, పక్కన ఒక మాట రాసుకుంటే చాలు. కానీ ఆ పేజీని మనం తీసుకుని చూడకూడదు, దానికి టిక్కు పెట్టకూడదు, ‘చదివి వినిపించు’ అని లేపకూడదు. యాభై మంది ముందు నిలబెట్టి ‘నీకు ఎలా అనిపిస్తోందో చెప్పు’ అనడం చాలామంది పిల్లలకు శిక్షతో సమానం.

ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. తొమ్మిదో తరగతిలో ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్లు పంచుతున్నారు. ఎక్కువ మార్కులతో మొదలుపెట్టి పేర్లు, మార్కులు గట్టిగా చదువుతూ వస్తున్నారు. పేర్లు తగ్గుతున్న కొద్దీ వెనుక బెంచీలో ఒక అబ్బాయి చెప్పు అంచును నేలకేసి రాస్తూ కూర్చున్నాడు. చివరి నలుగురిలో అతని పేరు వచ్చింది. నవ్వుతూనే వెళ్లి, మార్కులున్న మూలను బొటనవేలితో మూసి పేపరు తీసుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కాడు. పక్కవాడు ‘ఎంతరా?’ అని జేబులో చేయి పెట్టబోయాడు. ఒక్క దెబ్బ పడింది. ఆ దెబ్బ మాత్రమే మన కంటపడుతుంది, కేకలు మొదలవుతాయి, ఇద్దరూ బెంచీ ఎక్కుతారు. అప్పటిదాకా పావుగంటగా ఆ పిల్లవాడి ముఖంలో, కాళ్లలో, వేళ్లలో కనిపిస్తున్నది మాత్రం ఎవరూ చూడలేదు.

అక్కడ చేయవలసిన మొదటి పని ప్రశ్నించడం కాదు, ఎడం కల్పించడం. దెబ్బ తిన్న అబ్బాయికి తగిలిందేమో చూసి, కొట్టిన అబ్బాయిని ‘ఈ నోటుబుక్కులు స్టాఫ్ రూమ్‌లో పెట్టిరా’ అని పంపితే, నడకలో అతని ఊపిరి కొంత కుదుటపడుతుంది. ఉద్రేకం పతాక స్థాయిలో ఉన్నప్పుడు ఏ హితబోధా చెవికెక్కదు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. తరువాత పక్కకు పిలిచి, ఎందుకు కొట్టావని కాకుండా, ‘పేపరు ఇస్తున్నప్పుడు చిన్నతనంగా అనిపించినట్లుందిరా, అవునా?’ అని మన ఊహను అతని ముందు పెట్టాలి. ఊహ తప్పయినా నష్టం లేదు. ‘కాదు సార్, వాడు మా నాన్న తాగుడు గురించి ఎత్తాడు’ అని అతనే సరిదిద్దవచ్చు. సరిదిద్దాడంటేనే తనలోకి తాను చూసుకున్నాడని అర్థం. ఇంత విన్నంత మాత్రాన కొట్టడాన్ని ఒప్పుకున్నట్లు కాదు. కోపం రావడం తప్పు కాదు, చేయి చేసుకోవడం తప్పు అన్న తేడా అతనికి స్పష్టంగా చెప్పి, స్నేహితుడికి క్షమాపణ ఎప్పుడు, ఎలా చెబుతాడో అతనితోనే నిర్ణయింపజేయాలి. ఇక మన వంతు కూడా ఉంది. వచ్చేసారి పేపర్లను మార్కుల వరుసలో కాకుండా, మడిచి, మార్కులు చదవకుండా ఇస్తే ఆ తరగతిలో చాలామందికి ఆ పావుగంట నరకం తప్పుతుంది.

‘ఏడవకు, మగపిల్లాడివి’, ‘నోర్మూసుకుని కూర్చో’, ‘ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతమా’ అన్న మాటలు మనలో చాలామంది నోటికి అలవాటుగా వస్తాయి. వాటి వల్ల ఏడుపు ఆగుతుంది కానీ బాధ ఆగదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ గ్రాస్, ఆయన సహచరులు చేసిన ప్రయోగాల్లో తేలిందేమిటంటే, ఉద్వేగాన్ని ముఖంలో కనిపించకుండా అణచుకున్నవారి శరీరంలో ఒత్తిడి తగ్గకపోగా కొన్ని విధాల పెరుగుతుంది. పైగా ఆ సమయంలో చూసినవీ విన్నవీ తక్కువగా గుర్తుంటాయి. పాఠం తలకెక్కడం ముఖ్యమనుకునే ఉపాధ్యాయులు ఈ రెండో విషయాన్ని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. కన్నీళ్లు మింగుకుని కదలకుండా కూర్చున్న పిల్ల పాఠం వింటున్నట్లే కనిపిస్తుంది, కానీ ఆమె శక్తి అంతా ఆ కన్నీళ్లను ఆపుకోవడానికే ఖర్చవుతోంది.

నిభాయించుకునే ఉపాయాలు మనకు కొత్తవి కావు. పీల్చే ఊపిరి కంటే వదిలే ఊపిరిని నిదానంగా, ఎక్కువసేపు వదిలితే గుండె వేగం తగ్గుతుంది. ముఖం మీద చల్లని నీళ్లు చల్లుకోవడం, ఒకసారి మైదానం చుట్టి రావడం, మనసులోది కాగితం మీద రాసి చించేయడం కొందరికి బాగా ఉపకరిస్తాయి. పరీక్షకు ముందు గుండె దడదడలాడితే ‘చేతులెత్తేస్తున్నాను’ అనుకోవడానికి బదులు, ‘పరుగుకు ముందు ఒళ్లు సిద్ధమవుతున్నట్లే పరీక్షకూ సిద్ధమవుతోంది’ అని అర్థం చేసుకోవడం నేర్పవచ్చు. అయితే ఇవన్నీ ప్రశాంతంగా ఉన్న రోజుల్లో సాధన చేయించాలి. కోపంతో ఊగిపోతున్నవాడికి ‘గాలి పీల్చు’ అని చెబితే ఇంకా మండిపడతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయడం నా బాధ్యత. బ్రిటన్‌లో ఎనభైకి పైగా పాఠశాలల్లో, ఎనిమిది వేలకు పైగా పిల్లలతో మైండ్‌ఫుల్‌నెస్ (ఊపిరి మీద, ప్రస్తుత క్షణం మీద ధ్యాస నిలిపే సాధన) పాఠాలను పరీక్షించిన మిరియడ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. అక్కడి పాఠశాలల్లో మామూలుగా జరిగే బోధనతో పోలిస్తే ఆ పాఠాల వల్ల పిల్లల మానసిక ఆరోగ్యానికి అదనపు మేలేదీ కనిపించలేదు. పిల్లల్లో ఎక్కువమంది ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. మరోవైపు మన దేశంలోనే, బీహార్‌లోని నలందా జిల్లాలో 70కి పైగా ఉన్నత పాఠశాలల్లో సెహర్ అనే కార్యక్రమాన్ని పరీక్షించి 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించారు. అక్కడ పిల్లలు పేరు లేకుండా తమ కష్టం రాసి వేసే పెట్టె ఉంది, గోడపత్రిక ఉంది, పిల్లల బృందాలు ఉన్నాయి, కావాలనుకున్నవారితో విడిగా మాట్లాడే ఏర్పాటు ఉంది. అంటే మారింది ఒక పీరియడ్ కాదు, బడి వాతావరణం. మనస్తత్వ నిపుణులు కాకపోయినా శిక్షణ పొందిన వ్యక్తి ఒకరు బడిలో ఉండి నడిపిన చోట బడితో పిల్లల అనుబంధం పెరిగింది, కుంగుబాటు లక్షణాలు, వేధింపులు తగ్గాయి. అదే కార్యక్రమాన్ని ఉపాధ్యాయులకు అప్పగించిన చోట చెప్పుకోదగిన ఫలితం రాలేదు.

ఈ మాట విని మీరు నొచ్చుకోవద్దు. సిలబస్, ఆన్‌లైన్ హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఎన్నికల విధుల మధ్య ఇంకో బాధ్యత నెత్తిన పెడితే ఎవరు మాత్రం చేయగలరు? పైగా మార్కులు వేసేదీ, శిక్షించేదీ మనమే అయినప్పుడు, మన దగ్గర గుట్టు విప్పడానికి పిల్లలు జంకడం సహజం. అందుకే ప్రతి ఉన్నత పాఠశాలకూ ఒక కౌన్సెలర్ కావాలని మనం అడిగి తీరాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, మానసిక ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పి, విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, బహిరంగంగా అవమానించడం మానాలని, సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. ర్యాంకులను బట్టి సెక్షన్లు మార్చడం మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎంత మామూలైపోయిందో తెలిసిన మనకు ఆ తీర్పు బరువు వేరే చెప్పనక్కరలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతోపాటు మానసిక వేధింపును కూడా 2009లోనే నిషేధించింది.

కౌన్సెలర్ వచ్చేదాకా, వచ్చిన తరువాత కూడా, తేడాను ముందుగా పసిగట్టగలిగేది రోజూ చూసే మీరే. ఇష్టమైన ఆటకు దూరం కావడం, రెండు వారాలు దాటినా తేరుకోకపోవడం, తిండి, నిద్ర మారిపోవడం, ప్రాణంగా చూసుకునే వస్తువులు పంచిపెట్టడం, ‘నేను లేకపోతే అందరికీ హాయి’ వంటి మాటలు రావడం కనిపిస్తే ఆలస్యం చేయవద్దు. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా, మెత్తగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం నిరాధారం. ఆ పిల్లను ఒంటరిగా వదలకండి, ఇంటివాళ్లకు ఎదురెదురుగా కూర్చోబెట్టి చెప్పండి, వైద్యుడి దగ్గరకు చేరేదాకా వెంట ఉండండి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు ప్రధానోపాధ్యాయుల బల్ల అద్దం కింద ఉంటే చాలదు. పిల్లలు మంచినీళ్లు తాగే చోట, బాలికల మరుగుదొడ్ల దగ్గర, హాస్టల్ వరండాలో పెయింటుతో రాయించాలి.

పిల్లలు మనల్ని నమ్మి చెప్పిన సంగతిని స్టాఫ్ రూమ్‌లో ముచ్చటగా మార్చవద్దు. ఎవరికీ చెప్పనని ముందే మాట ఇవ్వవద్దు కూడా. ప్రాణాపాయం ఉన్నప్పుడు కుటుంబానికి చెప్పక తప్పదు. లైంగిక వేధింపు సంగతి బయటపడితే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన విధి. ‘నీకు ప్రమాదమున్న విషయమైతే తప్ప ఎవరికీ చెప్పను, చెప్పవలసి వస్తే ముందు నీకు చెప్పే చేస్తాను’ అంటే పిల్లలు అర్థం చేసుకుంటారు. ఒకసారి మనసు విప్పిన పిల్ల మరునాడు మనల్ని తప్పించుకు తిరగడం మామూలే. ఎక్కువ చెప్పేశానన్న బెరుకు అది. ఆ రోజు పాత సంగతి ఎత్తకుండా, ‘టిఫిన్ చేశావా అమ్మా?’ అని పలకరిస్తే చాలు, ఆ బెరుకు సడలుతుంది.

భోజనం తరువాత చిన్న బృందాలుగా కూర్చుందాం. మీ తరగతుల్లో ఎదురైన ఒక్కో సందర్భాన్ని పిల్లల పేర్లు, ఊర్లు చెప్పకుండా రాసి తీసుకురండి. ఆ పిల్లవాడికి ఆ సమయంలో ఏమనిపించి ఉంటుంది, మనం అన్న మొదటి మాట ఏమిటి, అనవలసిన మాట ఏమిటి అన్నవి అందరం కలిసి చర్చిద్దాం.