‘ఆయ్’ అంటే ఒప్పుకున్నట్టేనా?

భీమవరం స్టూడియోలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమానికి ఇది అక్షర రూపం. రొయ్యల ఎగుమతి ప్లాంటు నడుపుతున్న ఒక వ్యాపారి, విశ్రాంత ఆంగ్లోపన్యాసకులు ఒకరు (మాస్టారు), అమలాపురంలోని తన ఇంటి నుంచే జర్మనీ, అమెరికా సహోద్యోగులతో పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ బృంద నాయకురాలు ఇందులో పాల్గొన్నారు.

వ్యాఖ్యాత: ప్రేక్షకులకు నమస్కారం. చెరువు గట్టు మీద మొదలైన బేరం ఇప్పుడు అమెరికా, జపాన్, యూరప్ దుకాణాల దాకా వెళ్తోంది. ఇంగ్లిషు బాగా వచ్చినవారు కూడా అక్కడివారితో మాట్లాడేటప్పుడు ఎక్కడో తడబడుతున్నామని చెబుతున్నారు. లోపం భాషలోనే ఉందా, మరెక్కడైనా ఉందా అన్నది ఈనాటి విషయం. ముందుగా ఎగుమతిదారు గారు చెప్పాలి. మీకు ఈ ఇబ్బంది మొదట ఎప్పుడు తెలిసిందండి?

ఎగుమతిదారు: జపాన్ కొనుగోలుదారుతో మొదటిసారి మాట్లాడినప్పుడండి. ధర, ప్యాకింగు, షిప్‌మెంటు తేదీ ఒక్కొక్కటే వీడియో కాల్‌లో వివరిస్తుంటే ఆయన ప్రతి మాటకూ ‘హాయ్, హాయ్’ అంటూ తల ఊపారు. అది అచ్చం మన గోదావరి జిల్లాల్లో ‘అవునండి’ అనడానికి వాడే ‘ఆయ్’లా వినిపించడంతో సొంత ఊరి మనిషితో మాట్లాడుతున్నంత ధీమా కలిగి, బేరం కుదిరిపోయిందనుకుని ఆ సాయంత్రమే అట్టపెట్టెలు అచ్చు వేయమని ప్రెస్సుకు కబురు పంపాను. ఆర్డరు మాత్రం రాలేదు. జపానువారి ‘హాయ్’కి అవుననే అర్థం ఉన్నా, అవతలివారు మాట్లాడుతుండగా మధ్యలో అంటే ‘వింటున్నాను, చెప్పండి’ అని మాత్రమేనని నాకు తరవాత తెలిసింది. ఆ పెట్టెలు ఇప్పటికీ గోదాములోనే ఉన్నాయండి.

మాస్టారు: మరి మన ‘ఆయ్’ మాత్రం ఏం తక్కువ తిందండీ? కోనసీమలో పెద్దాయన ఏదైనా చెబుతున్నంతసేపూ ఎదుటి కుర్రవాడు ‘ఆయ్, ఆయ్’ అంటూనే ఉంటాడు. అది వినయమే గాని, చెప్పిన పని రేపు చేస్తానన్న ఒప్పందం కాదు. పుట్టుకతో ఎరిగిన ఈ సంగతిని పరాయివారి నోట విన్నప్పుడు మరిచిపోతున్నాం. మాటకన్నా సందర్భం, వరస, మౌనం ఎక్కువ అర్థాన్ని మోసే సమాజాలు కొన్ని ఉన్నాయనీ, చెప్పదలచుకున్నదంతా మాటలోనే పెట్టే సమాజాలు మరికొన్ని ఉన్నాయనీ అమెరికా మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ 1976లో విడమరిచి చెప్పారు. ఆయన లెక్కలో జపాను మొదటి కొసన ఉంటుంది, జర్మనీ రెండో కొసకు దగ్గరగా ఉంటుంది. మన డెల్టా జపాను పక్కనే కూర్చుంటుందని నా అభిప్రాయం.

బృంద నాయకురాలు: ఆ రెండో కొస దగ్గర నేను బోల్తా పడ్డానండి. ఒక భాగం శుక్రవారానికి పూర్తవుతుందా అని జర్మన్ సహోద్యోగి అడిగినప్పుడు, కాదని ముఖం మీద చెప్పలేక ‘ప్రయత్నిస్తాం’ అని ఇంగ్లిషులో అన్నాను. మన ఇళ్ళలో ‘చూద్దాంలే’ అంటే ముప్పాతిక వంతు కాదన్నట్టేనని చిన్న పిల్లలకు కూడా తెలుసు కదా, ఆయన మాత్రం దాన్ని శుక్రవారానికి ఇచ్చిన మాటగా రాసుకున్నారు. సోమవారం ఆయన నొచ్చుకున్నది పని ఆలస్యమైనందుకు కాదు, కుదరదని నాకు బుధవారమే తెలిసినా అప్పుడే చెప్పనందుకు. ఇప్పుడు మా బృందంలో కొత్తగా చేరినవారికి నేను మొదట నేర్పేది ఒక్క వాక్యమే: ‘శుక్రవారానికి కుదరదు, మంగళవారం ఇస్తాను, శుక్రవారమే కావాలంటే నివేదికల భాగం వదిలేయాల్సి ఉంటుంది.’ కాదన్న మాట పక్కనే తేదీ, ప్రత్యామ్నాయం ఉంటే అందులో అమర్యాద ఏమీ కనిపించదు.

వ్యాఖ్యాత: అయినా మన మొహమాటం అంత తేలిగ్గా పోతుందా మాస్టారూ?

మాస్టారు: పోనక్కర్లేదండి, ఇంట్లో అది ఎంతో పనికొచ్చే గుణం. అయితే పరాయివారితో వ్యాపారం మనకు కొత్తేమీ కాదు. 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివారికి, నరసాపురం పక్కన మాధవాయపాలెంలో ఇంగ్లిషువారికి వర్తక స్థావరాలు ఉండేవి. ఆ ఊరి పేరు మీదుగానే ‘మాడపొల్లం’ అనే నూలుబట్ట యూరప్‌లో చెలామణీ అయింది. యానాంలో ఫ్రెంచివారి పాలన 1954 దాకా సాగింది. ఆ కాలపు వర్తకంలో నేతగానికీ దొరకూ మధ్య రెండు భాషలూ తెలిసిన దుబాసీ నిలబడి, మాటలోని కరుకుదనాన్ని అక్కడే అరగదీసి అవతలికి అందించేవాడు. ఇప్పుడు ఈ అమ్మాయి గారు నేరుగా జర్మన్ సహోద్యోగితో మాట్లాడుతున్నారు గనక ఆ దుబాసీ పని కూడా ఆవిడ మీదే పడింది. మన కళాశాలలు వ్యాకరణం నేర్పుతున్నాయి గాని ఈ పని నేర్పడం లేదు. నేను కూడా ముప్పై ఏళ్ళు నేర్పలేదు లెండి.

ఎగుమతిదారు: మర్యాదల సంగతి సరేనండి. నాకు అసలు నష్టం తెచ్చేది, రెండు వైపులా ఒకే పదం వాడుతూ వేరే వేరే కొలతలు మనసులో పెట్టుకోవడం. మన చెరువు దగ్గర ‘నలభై కౌంట్’ అంటే కిలోకు నలభై రొయ్యలు, అంటే తలతో సహా ఒక్కోటి 25 గ్రాములు. అమెరికా కొనుగోలుదారు చెప్పే కౌంట్ పౌనుకు; 453.6 గ్రాములకు నలభై అంటే ఒక్కోటి పదకొండు గ్రాముల పైచిలుకు మాత్రమే, అదీ చాలాసార్లు తల తీసిన లెక్క. మా ఆఫీసులో కొత్త కుర్రవాడు ‘కౌంట్ 40’ అని మాత్రమే మెయిల్‌లో రాస్తే, చదివేవారి మనసులో ఉన్నది ఏ రొయ్యో ఎవరికి తెలుస్తుంది? ఆ కుర్రవాడి ఇంగ్లిషులో తప్పేమీ లేదు. తేదీల సంగతీ అంతే. 05/06 అని రాస్తే మనకు జూన్ ఐదు, అమెరికావారికి మే ఆరు. అందుకే మా దగ్గర నెల పేరు అక్షరాల్లో రాయకపోతే మెయిల్ బయటికి వెళ్ళదు.

బృంద నాయకురాలు: లక్షలు, కోట్లు కూడా అంతేనండి, మిలియన్లలోకి మార్చి రాయకపోతే అవతలివారు అడగడానికి మొహమాటపడి ఊరుకుంటారు. సమయం విషయంలోనూ జాగ్రత్త అవసరం. న్యూయార్క్‌కూ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర గంటలు. వాళ్ళు గడియారం మార్చిన వారం మా బృందంలో ఒకరైనా గంట ముందో గంట వెనకో వస్తారు.

వ్యాఖ్యాత: 2025 ఆగస్టులో మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, రొయ్యలకు వేరే మార్కెట్లు వెతకాలన్న మాట బాగా వినిపించింది. కొత్త దేశం అంటే మళ్ళీ కొత్త పద్ధతులు నేర్చుకోవాలి కదా?

ఎగుమతిదారు: అవునండి. అమెరికాకు అలవాటుపడిన మేము పది వరుసల మెయిల్‌లో ధర తేల్చేసేవాళ్ళం. జపాన్ సంస్థల్లో సమావేశానికి ముందే అందరినీ విడివిడిగా కలిసి ఒప్పించుకునే పద్ధతి ఒకటి ఉంది, దాన్ని ‘నెమవాషి’ అంటారు. చెట్టును తీసి మరోచోట నాటే ముందు దాని వేళ్ళను సిద్ధం చేయడం నుంచి వచ్చిన మాట అది. అటువంటి చోట ‘రేపటికల్లా చెప్పండి’ అని తొందరపెడితే చెడేది మన పనే. ఆలస్యం అనాసక్తి కాదని తెలుసుకోవడానికి నాకు ఒక సీజను పట్టింది.

మాస్టారు: ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక చేయాలండి. జపానువారు ఇంతే, జర్మన్లు ఇంతే అని పెట్టెల్లో సర్దేయడం కూడా ప్రమాదమే. దేశాలవారీగా సంస్కృతులకు మార్కులు వేసిన నెదర్లాండ్స్ పరిశోధకుడు హాఫ్‌స్టెడే పరిశోధన 1980లో పుస్తకంగా వచ్చింది. దానికి ఆధారం ఐబీఎం అనే ఒకే కంపెనీ ఉద్యోగుల జవాబులు. ఆ మార్కు దేశపు సగటు గాని, ఎదురుగా కూర్చున్న మనిషిది కాదు. మన తూర్పు గోదావరికీ పశ్చిమ గోదావరికీ మధ్యే మాట విరుపులో తేడా ఉన్నప్పుడు, ఒక దేశమంతటికీ ఒకే స్వభావం ఎలా అంటగడతాం?

బృంద నాయకురాలు: నేను ఎగుమతిదారు గారిని ఒకటి అడగవచ్చా? విదేశీయుల గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాం. మీ ప్లాంటు లోపల పనిచేసేవారిది ఏ భాషండి?

ఎగుమతిదారు: రొయ్యల పొట్టు తీసే పీలింగు బల్లల దగ్గర మన ఊళ్ళ ఆడవాళ్ళతో పాటు ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. సూపర్‌వైజర్లు తెలుగువారే, ఆదేశాలన్నీ తెలుగులోనే, మరీ అవసరమైతే విరిగిన హిందీలోనే ఇస్తారు. చేతులు క్లోరిన్ నీళ్ళలో ముంచాలనీ, గ్లవ్స్ ఎప్పుడు మార్చాలనీ కొత్తవారు పక్కవారిని చూసి నేర్చుకుంటారు. అర్థమైందా అని అడిగితే అందరూ తల ఊపుతారు.

మాస్టారు: అంటే అక్కడ కూడా ‘ఆయ్’ అనే అంటున్నారన్నమాట.

ఎగుమతిదారు: ఇన్నాళ్ళూ ఆ కోణంలో ఆలోచించలేదండి.

బృంద నాయకురాలు: తల ఊపారా లేదా అని చూడటం మానేసి, ‘ఇప్పుడు నువ్వేం చేస్తావో చేసి చూపించు’ అని అడగమనండి. మా పనిలో కూడా మీటింగు చివర, ఎవరు ఏం చేయబోతున్నారో వారి నోటితోనే చెప్పిస్తాం. మరో సంగతి, శీతలీకరణకు మీరు వాడేది అమ్మోనియా అనుకుంటాను. అది లీకైనప్పుడు ఎటు పరుగెత్తాలో చెప్పే బోర్డు ఏ భాషలో ఉంది?

ఎగుమతిదారు: తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ఉందండి. (కొంచెం ఆగి) ఆ రెండూ చదవలేనివారు ఆ అమ్మోనియా గదికి దగ్గరలోనే పనిచేస్తున్నారు. రేపు ఒడియాలోనూ బెంగాలీలోనూ రాయిస్తాను. మా దగ్గర పదో తరగతి చదివిన ఒడియా కుర్రవాడు ఒకడు ఉన్నాడు, ఒడియా బోర్డు వాడిచేత రాయించవచ్చు.

మాస్టారు: రాయించండి. అయితే రాసిన కుర్రవాణ్ణి పక్కన ఉంచి, తెలుగు బోర్డు కనపడనీయకుండా ఇంకో ఒడియా మనిషిని పిలిచి చదివించండి. అతను ఏ తలుపు వైపు చెయ్యి చూపిస్తాడో గమనించి, ఆ తరవాతే మేకు కొట్టండి.