గీత, రాత, నక్షత్రం: జాఁ కోక్తో ఉత్తరాల సేకరణ

మిత్రులందరికీ నమస్కారం.

ఫ్రెంచి కవి జాఁ కోక్తో 1889లో పారిస్ దగ్గర మేజోఁ-లఫీత్‌లో పుట్టారు. 1963లో మియీ-లా-ఫోరే అనే ఊళ్ళో కన్నుమూశారు. కవిత, నాటకం, నవల, సినిమా, చివరికి చర్చి గోడల మీద చిత్రాలు కూడా, దేన్నీ వదల్లేదాయన. నేను మాట్లాడబోయేది ఆయన చేత్తో రాసి సంతకం పెట్టిన ఉత్తరాల గురించి.

తల్లికి రాసిన ఉత్తరాలు, నటుడు జాఁ మారేకి రాసినవి పుస్తకాలుగా వచ్చేశాయి. అచ్చులో దొరికేదానికి అంత డబ్బు పోసి పాత కాగితం కొనడమెందుకని చాలామంది అడుగుతారు. కోక్తో విషయంలో అచ్చు మనకు సగమే చూపిస్తుంది, అందుకే కొనాలి. 1920లలో తన బొమ్మల పుస్తకాన్ని పికాసోకి అంకితమిస్తూ ఆయన ఒక మాటన్నారు: కవులు బొమ్మలు గీయరు, రాతను విప్పి మళ్ళీ ఇంకోలా ముడేస్తారు అని. ఆ మాట నిజమో కాదో తెలియాలంటే ఆయన ఉత్తరం చూడాలి. అక్షరాలు రాస్తున్న చెయ్యే, అదే కలంతో, అదే వేగంతో పక్కన ఒక ముఖం గీసేస్తుంది. నుదురు, ముక్కు, పెదవి అన్నీ దాదాపు ఒక్క గీతలో. చివర్న తరచుగా 'జాఁ' అన్న పేరొక్కటే, దాని దగ్గర ఒక చిన్న నక్షత్రం. టైపు చేసిన పుస్తకంలోకి ఇదంతా ఎలా వస్తుంది?

తేదీ దగ్గర మాత్రం ఈయనతో కాస్త కష్టమే. సంవత్సరం రాయని ఉత్తరాలు చాలా ఉంటాయి. అప్పుడు పైనున్న అడ్రసే దిక్కు. పారిస్‌లో రూ దాంజూ అనే వీధి, 10వ నంబరు అయితే తల్లితో ఉన్న రోజులు. రూ ద మోఁపాన్సియే వీధి 36 అయితే 1940 లేదా ఆ తర్వాతది. మియీలో ఇల్లు కొన్నది 1947లో. దక్షిణ ఫ్రాన్స్‌లోని సాంతో సోస్పీర్ విల్లా నుంచి వచ్చినదైతే 1950 లోపు అయ్యే అవకాశం లేదు. ఇక కవరు ఉందంటే అదృష్టమే, పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది కదా. అందుకే కవరు పారేసి ఉత్తరమొక్కటే దాచేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. బొమ్మ ఉన్న ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించడం ఇంకా ఘోరం. గీతనీ రాతనీ ఆ మనిషి విడదీయలేదు, మనమెవరం విడదీయడానికి?

నకిలీల గురించి కూడా చెప్పాలి. కోక్తో బొమ్మల్లో నకిలీలు విపరీతం, నక్షత్రం గీయడం ఎవరికైనా వచ్చు. సంతకం కన్నా ముందు గీత నడక చూడండి. ఆయన చెయ్యి ఆగదు. చూసి దింపేవాడి చెయ్యి మలుపు దగ్గర తటపటాయిస్తుంది, అక్కడ సిరా ముద్దగా దిగుతుంది. భూతద్దం పెడితే అసలు సిరా కాగితం పీచులోకి పాకి కనిపిస్తుంది. అచ్చు నకలైతే సిరా ఎక్కడ చూసినా ఒకే చిక్కదనంతోనో, సన్నటి చుక్కలుగానో ఉంటుంది. ఇవన్నీ చూశాక కూడా అది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో అమ్మేవాణ్ణి అడగండి. కాగితం రూపంలో జవాబివ్వలేకపోతే వదిలెయ్యండి.

లాభం కోసమే కొనేవాళ్ళకి ఫ్రాన్స్‌లోనే పెద్ద ఉదాహరణ ఉంది. అరిస్టోఫిల్ అనే కంపెనీ రాతప్రతుల్లో వాటాలు అమ్మింది. సుమారు 18,000 మంది డబ్బు పెట్టారు. 2015లో కంపెనీ మూతపడింది. 2017 నుంచి ఆ సరుకును విడతలుగా వేలం వేశారు. చదవడం మీద ప్రేమ లేకుండా కాగితం ధర మీదే నమ్మకం పెట్టుకుంటే అంత టెన్షన్ పడాల్సిందే.

కొన్నాక ఎండ తగలనివ్వకండి, లామినేషన్ అసలే వద్దు. ఆమ్లం లేని కాగితపు ఫోల్డరులో చీకట్లో ఉంచండి. ఇంకో సంగతి, కాగితం మీ సొంతమే అయినా అందులోని మాటలు మీవి కావు. ఫ్రెంచి చట్టం ప్రకారం రచయిత పోయాక 70 ఏళ్ళు హక్కు వారసులదే, అంటే కోక్తోకి 2033 చివరిదాకా. అచ్చు వెయ్యాలంటే వాళ్ళ అనుమతి కావాలి. పరిశోధకులకి చూపించడానికి మాత్రం అంత ఇబ్బంది ఉండదు. కోక్తో కాగితాల పెద్ద నిధి పారిస్ నగర చరిత్ర గ్రంథాలయంలో ఉంది. మీ దగ్గర ఒక్క ఉత్తరమున్నా, రెండు వైపులా, కవరుతో సహా స్కాన్ చేసి, ఫలానాది నా దగ్గరుందని వాళ్ళకి రాయండి.