రహీం సాబ్ జట్టు: కోచ్ పద్ధతీ ఆటగాళ్ల ప్రతిభా కలిసిన చోటు

[దృశ్యం: కిక్కిరిసిన స్టేడియం, నలుపు తెలుపు ఫోటో. తెరపై అక్షరాలు: జకార్తా, 1962 సెప్టెంబర్ 4]

వ్యాఖ్యాత: ఏషియన్ క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ మొదలు కాబోతోంది. స్టేడియంలో దాదాపు లక్షమంది ఉన్నారు. భారత ఆటగాళ్లు మైదానంలోకి రాగానే నలువైపుల నుంచీ కేకలు, ఈలలు వినిపించాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన దేశానికి చెందిన క్రీడాధికారి జి.డి. సోంధీ బహిరంగంగా తప్పుపట్టారు. ఆ కోపాన్ని ప్రేక్షకులు మన జట్టు మీద చూపించారు. ఎదుట ఉన్నది దక్షిణ కొరియా. అదే పోటీలలో మొదటి మ్యాచ్‌లో మనల్ని 2-0 తేడాతో ఓడించిన జట్టు అది.

[దృశ్యం: మైదానం బొమ్మ. రక్షణ వరుసలోని ఒక చుక్క నెమ్మదిగా ముందు వరుసకు కదులుతుంది.]

ఆ రోజు మన సెంటర్ ఫార్వర్డ్ స్థానంలో నిలబడ్డ వ్యక్తి నిజానికి డిఫెండర్. పేరు జర్నైల్ సింగ్. థాయిలాండ్‌తో మ్యాచ్‌లో తలకు గాయమై, కుట్లు పడిన మనిషి. అటువంటి ఆటగాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టకుండా, రక్షణలోనూ ఉంచకుండా, ఏకంగా గోల్ కొట్టే స్థానానికి పంపిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువాడు. వృత్తిరీత్యా బడిపంతులు.

ఒక ఫుట్‌బాల్ జట్టు గెలుపులో కోచ్ పద్ధతి పాలు ఎంత, ఆటగాళ్ల ప్రతిభ పాలు ఎంత అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికి మనం ఐరోపా దాకా వెళ్లనక్కరలేదు. దానికి కావలసిన ఆధారమంతా 1950 నుంచి 1963 వరకు రహీం నడిపిన జట్ల కథలోనే ఉంది.

[దృశ్యం: పాత హైదరాబాదు వీధులు, బడి ప్రాంగణం]

రహీం 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని అక్కడి జట్టుకు ఆడారు. తరువాత నగరంలోని బడులలో పాఠాలు చెప్పారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ ఆయన చేతికి వచ్చింది. ఆ ఏడాది మొదలుకొని 1954 వరకు వరుసగా ఐదుసార్లు, బొంబాయిలో జరిగే పేరున్న ఫుట్‌బాల్ పోటీ అయిన రోవర్స్ కప్పును ఆ జట్టే గెలుచుకుంది. కలకత్తా క్లబ్బులే దేశపు ఫుట్‌బాల్‌ను శాసిస్తున్న కాలంలో దక్కనుకు చెందిన ఒక పోలీసు జట్టు ఈ పని చేసిందంటే, అది ఒక్క సీజన్ అదృష్టం కాదని ఎవరికైనా అర్థమవుతుంది.

రహీం ముందున్న సమస్య ఏమిటి? మన ఆటగాళ్లలో చాలామందివి తేలికపాటి శరీరాలు. బంతి కాలికి అంటుకున్నట్టు తీసుకుపోగల నేర్పు వాళ్లకు పుష్కలంగా ఉంది. కానీ ఆ నేర్పే ఒక బలహీనతగా కూడా మారేది. బంతి దొరికిన ప్రతివాడూ ఇద్దరు ముగ్గురిని తప్పించి చప్పట్లు కొట్టించుకోవాలని చూసేవాడు. ఈలోగా ఎదుటి జట్టు సర్దుకునేది. బరువైన డిఫెండర్ వచ్చి భుజంతో ఒక్క తోపు తోస్తే బంతి చేజారేది.

ఇక్కడే కోచ్ పద్ధతి అన్నమాటకు అర్థం తెలుస్తుంది. ఉన్న ఆటగాళ్ల శరీరానికి, నేర్పుకు, లోపాలకు కొలత తీసి వాళ్లకు సరిపోయే ఆటను కుట్టగలగడమే పద్ధతి. రహీం దీనికోసం విచిత్రంగా కనిపించే పోటీలు నిర్వహించారు.

[దృశ్యం: ఇద్దరు ఆటగాళ్ల కాళ్లు, దగ్గరగా. బంతి ఒకరి నుంచి మరొకరికి.]

మొదటి రకం పోటీలో డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తీసుకుపోతూ ఎదుటివాళ్లను తప్పించడం, నిషేధం. బంతి అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. రెండో రకంలో ఎవరికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. మూడోది పొట్టివాళ్ల కోసం ప్రత్యేకంగా పెట్టిన పోటీ.

వీటిలో రెండోదాన్ని కాస్త నిదానంగా చూద్దాం. కుడికాలివాటం ఉన్న ఆటగాడు ఎడమ అంచున పరుగెడుతున్నాడనుకోండి. బంతి అతని ఎడమ కాలి ముందుకు వచ్చింది. అక్కడి నుంచే గోల్ ముందుకు కొట్టగలిగితే పని ఒక్క తాకుతో అయిపోతుంది. ఎడమ కాలు పనికిరాకపోతే బంతిని ఆపాలి, ఒళ్లు తిప్పాలి, కుడికాలికి మార్చుకోవాలి, అప్పుడు కొట్టాలి. ఆ రెండు మూడు క్షణాలు చాలు, డిఫెండర్ వచ్చి అడ్డం నిలబడటానికి. ఎడమ కాలుకు కూడా చదువు చెబితే ఆ క్షణాలు మిగులుతాయి. మనిషికన్నా బంతి ఎప్పుడూ వేగంగానే పోతుంది కాబట్టి, ఒక్క తాకుతో బంతిని కదిలించే జట్టుకు తోపులాటలో గెలవవలసిన అవసరం తగ్గిపోతుంది. అంటే తేలికపాటి శరీరం లోపంగా కనిపించని ఆటను రహీం తయారుచేశారన్నమాట. కొత్త తరం కోచ్‌లు కంప్యూటర్ తెరల మీద వివరించే విషయాన్ని ఆయన పోటీ నిబంధనలోనే ఇమిడ్చి, ఉపన్యాసం లేకుండా పిల్లల కాళ్లకు నేర్పారు. ఇది బడిపంతులు మాత్రమే చేయగల ఆలోచన అని నాకు అనిపిస్తుంది.

[దృశ్యం: మట్టిరోడ్డు మీద సైకిల్ తొక్కుతున్న కుర్రవాడి నీడ]

ఇప్పుడు ప్రతిభ సంగతి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో తులసీదాస్ బలరామ్ అనే కుర్రవాడు ఉండేవాడు. పేద కుటుంబం. అతని ఆట చూసిన రహీం హైదరాబాదుకు శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బు లేదని కుర్రవాడు చెప్పాడు. సైకిల్ అద్దెకు రోజుకు ఒక రూపాయి తాను ఇస్తానని రహీం అన్నారు. ఈ సంగతిని బలరామ్ పెద్దవాడయ్యాక ఎంతో కృతజ్ఞతతో చెప్పుకునేవారు.

ఆ సైకిల్ అద్దె విలువ ఎంతో చూడండి. బలరామ్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టారు. 1962లో జకార్తా బంగారు పతకం అందుకున్నారు. పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అనే ముగ్గురి పేర్లను కలిపి పలకడం భారత ఫుట్‌బాల్ అభిమానులకు ఇప్పటికీ అలవాటు. మరి ఆ ప్రతిభ పుట్టుకతో వచ్చిందా, కోచ్ తెచ్చిందా? కాళ్లలోని నేర్పు నిస్సందేహంగా ఆ కుర్రవాడిదే. అయితే రోజూ మైదానానికి చేరలేని ప్రతిభ జట్టుకు అందదు. ప్రతిభను, శిక్షణను రెండు పళ్లేల్లో పెట్టి తూచేవాళ్లు ఈ రూపాయిని ఏ పళ్లెంలో వేస్తారు?

పోలీసు జట్టు విషయంలోనూ ఇదే జరిగింది. ఆటగాళ్లకు ఉద్యోగం ఉండేది, జీతం ఉండేది. ఏళ్ల తరబడి ఒకే చోట, ఒకే కోచ్ దగ్గర కలిసి ఆడే అవకాశం ఉండేది. ఒక్క తాకు ఆటకు అన్నిటికన్నా ముఖ్యం పక్కవాడు ఎక్కడుంటాడో చూడకుండానే తెలియడం. అది ఏళ్ల సహవాసంతో వచ్చేది.

[దృశ్యం: స్కోరు పట్టిక. యుగోస్లావియా 10, భారత్ 1]

ఇంతవరకు విన్నవారికి, కోచ్ మంచివాడైతే చాలు, గెలుపు దానంతటదే వస్తుందని అనిపించవచ్చు. అందుకే హెల్సింకీ సంగతి దాచకుండా చెప్పాలి. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఏషియన్ క్రీడల ఫైనల్లో సాహు మేవాలాల్ గోల్‌తో ఇరాన్‌ను 1-0తో ఓడించి రహీం జట్టు బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే, అదే కోచ్ చేతి కింద, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయింది. కోచ్ బుద్ధి ఒక్క ఏడాదిలో మందగించలేదు, ఆటగాళ్ల నేర్పు ఆవిరైపోలేదు. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఇంటి మైదానంలో వట్టికాలు బంతిని చక్కగా అదుపు చేస్తుంది. తడిసిన చల్లని గడ్డి మీద, బూట్లు వేసుకున్న బలమైన ఆటగాళ్ల మధ్య అదే కాలు నిలవలేదు. పద్ధతికీ ప్రతిభకూ కింద మూడో అంతస్తు ఒకటి ఉంటుంది. అది సన్నాహం. ఆ ఓటమి తరువాత మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు.

[దృశ్యం: మెల్‌బోర్న్ పటం, తేదీ: 1956 డిసెంబర్ 1]

నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఫలితం కనిపించింది. హంగేరీ తప్పుకోవడంతో నేరుగా రెండో రౌండుకు చేరిన భారత జట్టు, ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా ఆ మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ సాధించిన తొలి ఆసియా ఆటగాడు ఆయనే. సెమీఫైనల్లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియా. రెండో అర్ధభాగం మొదట్లో నెవిల్ గోల్‌తో మనమే ముందుకెళ్లాం. హెల్సింకీలో పది గోల్స్ తిన్న జట్టు ఇదేనా అని ప్రత్యర్థులే ఆశ్చర్యపడి ఉండాలి. కానీ కొద్ది నిమిషాలలోనే స్కోరు సమమైంది, చివరికి 4-1తో ఓడిపోయాం. కాంస్యం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా 3-0తో గెలిచింది.

ఆ సెమీఫైనల్ ఓటమికి ఒక మామూలు కారణం ఉందని నేను అనుకుంటాను. అప్పట్లో మన దేశవాళీ మ్యాచ్‌లు 70 నిమిషాలే జరిగేవి. అంతర్జాతీయ మ్యాచ్ 90 నిమిషాలు. ఏళ్ల తరబడి 70 నిమిషాలకు అలవాటుపడిన ఊపిరిని, ఒలింపిక్స్‌కు ముందు జరిగే కొద్ది వారాల శిబిరంలో 90 నిమిషాలకు సాగదీయడం ఎంత గొప్ప కోచ్‌కైనా కష్టమే. ఒక కోచ్ చేయగలిగినదానికీ, ఆయన చుట్టూ ఉన్న వ్యవస్థ చేయవలసినదానికీ మధ్య గీత ఇక్కడ ఉంది. అయినా నాలుగో స్థానం చిన్న విషయం కాదు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకన్నా పైకి ఎన్నడూ వెళ్లలేదు.

[దృశ్యం: మళ్లీ జకార్తా. రాత్రి, వసతి గృహం కిటికీలో వెలుగు.]

ఇప్పుడు మనం వదిలి వచ్చిన ఫైనల్ దగ్గరికి తిరిగి వెళ్దాం. రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. ఫైనల్ ముందటి రాత్రి ఆటగాళ్లకు నిద్ర పట్టలేదు. మరుసటి రోజు తనకొక కానుక కావాలని, అది బంగారు పతకమని రహీం వాళ్లను అడిగినట్టు ఆ ఆటగాళ్లు తరువాతి కాలంలో చెప్పుకున్నారు.

జట్టులో అప్పటికి ఎన్ని చిల్లులున్నాయో చూడండి. జర్నైల్ తలకు కుట్లున్నాయి. పొడగరి గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఫ్లూతో సెమీఫైనల్ ఆడలేకపోయారు. ఆయన స్థానంలో ప్రద్యుత్ బర్మన్ నిలబడ్డారు. సెమీఫైనల్‌కే జర్నైల్‌ను ముందుకు పంపాలన్నది రహీం నిర్ణయం. పైకి ఇది మొండి ధైర్యంలా కనిపిస్తుంది. కానీ జర్నైల్ కాలేజీ రోజుల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడు. డిఫెండర్‌గా ఉంటే గాల్లో వచ్చే ప్రతి బంతినీ గాయపడిన తలతోనే ఎదుర్కోవాలి. ముందు వరుసలో ఉంటే ఏ బంతికి వెళ్లాలో తానే ఎంచుకోవచ్చు. పైగా కండబలం ఉన్న ఆ మనిషిని కాచుకోవడానికి ఎదుటి రక్షణ సతమతమైతే పి.కె.కూ చునీకీ బలరామ్‌కూ చోటు దొరుకుతుంది. రహీం మనసులో ఏముందో ఎవరమూ చూడలేదు గానీ, ఆటను చూస్తే ఈ లెక్క సరిపోతుంది.

సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద భారత్ 3-2తో గెలిచింది. చునీవి రెండు గోల్స్, జర్నైల్‌ది ఒకటి. ఫైనల్‌కు తంగరాజ్ తిరిగి వచ్చారు. పదిహేడో నిమిషంలో పి.కె. బెనర్జీ గోల్ కొట్టారు. మరో మూడు నిమిషాలకు జర్నైల్ సింగ్ కొట్టారు. చివరి నిమిషాలలో కొరియా ఒక గోల్ తిరిగి ఇచ్చింది. ఆ తరువాతి ఒత్తిడిని మన రక్షణ తట్టుకుంది. 2-1.

ఈ నిర్ణయాన్ని వేరే కోచ్ తీసుకుని ఉంటే? బహుశా జర్నైల్ పాత ఆట సంగతి ఆయనకు తెలిసి ఉండేది కాదు. రహీం ఇదే నిర్ణయాన్ని వేరే డిఫెండర్‌తో ప్రయత్నించి ఉంటే? కుట్లు పడిన తలతో గోల్ ముందు దూకే మనిషి ప్రతి జట్టులోనూ దొరకడు. ఆ గోల్ ఇద్దరిదీ.

[దృశ్యం: ఖాళీ మైదానం, సాయంత్రపు వెలుగు]

ఆ ఫైనల్ జరిగిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయన తీర్చిదిద్దిన ఆటగాళ్లు ఇంకా మైదానంలోనే ఉన్నారు కాబట్టి జట్టు వెంటనే కూలిపోలేదు. 1964 ఆసియా కప్‌లో భారత్ రెండో స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో, రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1970లో బ్యాంకాక్ ఏషియన్ క్రీడలలో కాంస్యం వచ్చింది. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాదువాడు, దాడిలో ముందున్న మహమ్మద్ హబీబ్ కూడా హైదరాబాదువాడే. ఆ కాంస్యం తరువాత ఏషియన్ క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో మన దేశానికి మరో పతకం రాలేదు.