సెగ్గడ్డని నొక్కకండి

యాంకర్: నమస్తే అండీ. ఎండాకాలం వచ్చిందంటే ఇంట్లో ఎవరో ఒకరికి సెగ్గడ్డ లేస్తుంది. మామిడిపళ్లు ఎక్కువ తిని వేడి చేసిందంటాం. నిజమేనా డాక్టర్ గారూ?

డాక్టర్: పాపం, మామిడిపండు తప్పేం లేదమ్మా. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. చాలామంది ముక్కులో అది ఊరికే ఉంటుంది. చెమటకి గోక్కున్నప్పుడో, షేవింగ్‌లో తెగినప్పుడో వెంట్రుక కుదురులోకి దిగితే చీము పడుతుంది.

యాంకర్: మా అమ్మమ్మ సున్నం, బెల్లం కలిపి పట్టు వేసేది.

డాక్టర్: వద్దమ్మా, సున్నానికి చర్మం కాలుతుంది. శుభ్రమైన గుడ్డని గోరువెచ్చని నీళ్లలో ముంచి, నీళ్లు పిండేసి, గడ్డ మీద 10-15 నిమిషాలు ఉంచండి. రోజుకి మూడు నాలుగు సార్లు. చిన్న గడ్డలు చాలావరకు వాటంతటవే పగులుతాయి. అప్పుడు సబ్బునీళ్లతో కడిగి పొడి కట్టు కట్టండి. ఆ గుడ్డ, తువ్వాలు ఇంకెవరూ వాడకూడదు.

యాంకర్: పిన్నీసుతో పొడిచి నొక్కేస్తారు కదా...

డాక్టర్: దయచేసి ఆ పని చేయకండి. నొక్కితే చీము లోపలికీ పోతుంది. ముక్కు, పైపెదవి దగ్గరైతే మరీ ప్రమాదం. అక్కడి సిరలకి మెదడు వైపు దారి ఉంది. ఇన్ఫెక్షన్ అటు పాకడం అరుదే గానీ, పాకితే ప్రాణం మీదికొస్తుంది. కోయాల్సి వస్తే మేం మత్తిచ్చి కోస్తాం.

యాంకర్: మెడికల్ షాపులో అడిగి క్రీమ్, నాలుగు మాత్రలు తెచ్చుకుంటే?

డాక్టర్: నాకు బాధ కలిగేది అక్కడే. అలా ఇచ్చే క్రీముల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. పైన ఎరుపు తగ్గుతుంది, లోపల ఇన్ఫెక్షన్ పెరుగుతుంది. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటారు. ఆ మందుని విరిచేసే ఎంజైమ్ ఈ బ్యాక్టీరియాలో చాలావాటికి ఉంది, ఇక అది ఏం పని చేస్తుంది? డాక్టర్ రాసిన మందే, రాసినన్ని రోజులూ వాడండి.

యాంకర్: ఆస్పత్రికి ఎప్పుడు పరుగెత్తాలి?

డాక్టర్: ఎరుపు ఎంతవరకు ఉందో చూసి, ఆ అంచు వెంట పెన్నుతో గీత గీసి టైమ్ రాయండి. చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగ్గా కనపడదు. చేత్తో తాకి, వేడిగా, గట్టిగా తగిలినంత మేర గీయండి. వాపు గీత దాటినా, చలిజ్వరం వచ్చినా, ఎర్రటి చార పైకి పాకినా, నొప్పి భరించలేనంతగా ఉన్నా అప్పటికప్పుడే రండి. పసిపిల్లలకి, షుగర్ ఉన్నవాళ్లకి అంతవరకూ ఆగొద్దు.

యాంకర్: షుగర్ ఉందో లేదో తెలియనివాళ్లు?

డాక్టర్: గడ్డలు మళ్లీ మళ్లీ లేస్తుంటే పరీక్ష చేయించుకోండి. కొందరికి షుగర్ బయటపడేది అలాగే.