దుప్పటి కప్పుకున్న సూక్ష్మజీవి

అందరికీ నమస్కారం. ల్యాబులో నాకు పొద్దస్తమానం తమిళం, ఇంగ్లీషే. మైలాపూరులో ఇంతమంది తెలుగువాళ్ల ముందు నా పని గురించి మన మాటల్లో చెప్పుకోవడం నాకు నిజంగా పండగ.

నిన్న పొద్దున ఒక కల్చర్ ప్లేటు, అంటే బ్యాక్టీరియాను పెంచే పళ్లెం, తెరిచాను. దాని మీద క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా నిగనిగలాడుతూ పెరిగింది. లూపుతో, అంటే కొస గుండ్రంగా వంచిన సన్నని పుల్లతో, ముట్టుకుని పైకి లాగితే తీగపాకంలా సాగింది. ఆ తీగ 5 మిల్లీమీటర్లు దాటితే మేం కాస్త జాగ్రత్తపడతాం, జబ్బును మరింత తీవ్రంగా చేసే రకం కావచ్చని. అంత జిగురు రావడానికి ముఖ్య కారణం క్యాప్సూల్. మనం మింగే మందు కాదండీ. బ్యాక్టీరియా తన ఒంటిచుట్టూ తానే అల్లుకునే చక్కెర గొలుసుల దుప్పటి.

ఈ దుప్పటి ఉంటే మన తెల్లరక్తకణాలు దాన్ని పట్టి మింగలేవు. 1928లో గ్రిఫిత్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియాలో క్యాప్సూల్ ఉన్నది ఎలుకల్ని చంపింది, లేనిది చంపలేదు. అయితే దుప్పటి ఎంత మందంగా ఉంటే బ్యాక్టీరియాకు అంత లాభమా? కాదు. నేను ఇవాళ చెప్పదలచుకున్నది అదే.

న్యుమోకాకస్ సంగతే చూద్దాం. క్యాప్సూల్‌ను బట్టి ఇందులో వందకు పైగా రకాలున్నాయి. దీని మామూలు నివాసం పసిపిల్లల ముక్కు వెనక భాగం. అక్కడ ఉన్నంత మాత్రాన జబ్బు చేసినట్టు కాదు. చాలామంది పిల్లల్లో వస్తుంది, కొన్ని వారాలుండి పోతుంది.

ముక్కులోకి రాగానే దానికి మొదటి అడ్డంకి చీమిడి. చీమిడికి రుణావేశం, అంటే మైనస్ విద్యుదావేశం, ఉంటుంది, చాలా రకాల క్యాప్సూళ్లకూ అదే ఆవేశం. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. అందుకే దుప్పటి ఉన్నది చీమిడిలో చిక్కుకోకుండా జారిపోయి లోపలి కణాల దాకా చేరుతుంది. లేనిది అంటుకుని, చీమిడితోపాటే బయటికి ఊడ్చుకుపోతుంది.

కణాల దగ్గరికి చేరాక కథ తిరగబడుతుంది. పట్టుకుని నిలవడానికి కావలసిన కొక్కేలు దుప్పటి కింద ఉండిపోయాయి! అప్పుడు పలచని దుప్పటి ఉన్నవే నిలదొక్కుకుంటాయి. ఒకే జాతిలో మందంగా కప్పుకున్నవీ, పలచగా కప్పుకున్నవీ రెండూ పుడుతూనే ఉంటాయి కాబట్టి, ఎప్పుడు ఏది పనికొస్తే అది మిగులుతుంది. నిలదొక్కుకున్నవి గుంపుకట్టి పొరగా పేరుకుంటాయి. అదే బయోఫిల్మ్. కపాలీశ్వరుని కోనేటి మెట్ల మీద కాలు జారేలా చేసే పాచి, పళ్ల మీది గార, అన్నీ ఆ బాపతే. ఈ పొరలో ఉన్న న్యుమోకాకస్‌కు క్యాప్సూల్ తక్కువ, యాంటీబయాటిక్‌కు లొంగడమూ తక్కువ.

హీమోఫిలస్ అని ఇంకో బ్యాక్టీరియా ఉంది. అందులో అసలు క్యాప్సూలే లేని రకం కూడా ఒకటుంది. పిల్లల చెవిపోటుకు, పొగతాగే పెద్దల ఊపిరితిత్తుల ఇబ్బందికి తరచూ అదే కారణం. అది కూడా పొరకట్టే బతుకుతుంది. హిబ్ అంటే క్యాప్సూల్ ఉన్న హీమోఫిలస్ బి రకం. హిబ్ టీకా ఆ క్యాప్సూల్‌ను గురిచూసి చేసింది కాబట్టి దీని మీద పనిచేయదు.

మరి బుద్ధిగా పడున్న న్యుమోకాకస్ ఊపిరితిత్తుల్లోకి ఎందుకు దిగుతుంది? ఫ్లూ వచ్చినప్పుడు చూడండి. జ్వరం వేడి, దెబ్బతిన్న కణాల నుంచి కారే పదార్థాలు తగిలి బయోఫిల్మ్ నుంచి బ్యాక్టీరియా విడివడుతుంది. అలా విడివడినవి పొరలో ఉన్నవాటికంటే ప్రమాదకరం. 1918 ఫ్లూలో ప్రాణాలు పోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది ఆ వెనకే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియానే.

తల్లులకు ఒక మాట. హిబ్ టీకా కూడా కలిసి ఉన్న పెంటావాలెంట్ (అయిదు జబ్బులకు ఒకే) టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి 2011 డిసెంబరులో మొదట వచ్చింది మన తమిళనాడు, కేరళలకే. న్యుమోకాకస్ టీకా 2021లో దేశమంతటికీ విస్తరించింది: 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు. చివరి డోసు దగ్గర చాలామంది ఆగిపోతారు, దయచేసి ఆగకండి. ఆ టీకా పిల్ల ముక్కులో, టీకాలో చేర్చిన రకాల కాపురాన్నే తగ్గిస్తుంది, అందువల్ల ఆ పిల్లను ఎత్తుకునే తాతయ్యకూ మేలే. టీకాలో లేని రకాలు ఆ ఖాళీలోకి వస్తున్నాయన్నది నిజం. అందుకే టీకాలో రకాల సంఖ్య పెంచుతూ పోతున్నారు.

వెనక బల్ల మీద మైక్రోస్కోపు పెట్టాను. పాఠాలకు వాడే పాత స్లైడు, అందులో బతికున్నదేమీ లేదు. నల్లసిరా మధ్య చిన్న కడ్డీలాంటి బ్యాక్టీరియా, దాని చుట్టూ తెల్లటి వలయం కనిపిస్తుంది. ఆ వలయమే క్యాప్సూల్. పిల్లల్ని ముందు చూడనివ్వండి.