ప్రజాధనం లెక్క: పద్దు నుంచి బిల్లు దాకా

[తెర మీద: వేల వరుసల ఎక్సెల్ షీట్. కర్సర్ కిందికి జారుతూనే ఉంటుంది.]

వ్యాఖ్యాత: ఇది ప్రభుత్వ ఖర్చుల ఫైలు. ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. కానీ "మా వీధి దీపాలకు ఎంత ఖర్చయింది?" అని అడిగితే మాత్రం ఇందులో జవాబు దొరకదు.

బ్రిటన్‌లో 2010 నుంచి కేంద్ర శాఖలు 25,000 పౌండ్లు దాటిన ప్రతి చెల్లింపునూ బయటపెడుతున్నాయి. ఇంగ్లండ్‌లోని స్థానిక సంస్థలకైతే ఆ హద్దు 500 పౌండ్లే. చాలా మంచి నిర్ణయం. అయితే లెక్కలు శాఖకో ఫైలుగా, నెలకో ఫైలుగా వస్తే వాటన్నిటినీ కలుపుకొని చూసే తీరిక ఎవరికుంటుంది?

[తెర మీద: ఒకే ఒక్క వరుస పెద్దదవుతుంది.]

ఈ వరుస చూడండి. తేదీ ఉంది. సొమ్ము ఉంది. కంపెనీ పేరుంది. దేనికోసం అన్న గడిలో మాత్రం "ఇతర సేవలు" అని రాసి వదిలేశారు. ఏ సేవలు? ఏ ప్రాంతంలో? ఏ కాంట్రాక్టు కింద?

పేరుతో ఇంకో చిక్కుంది. అదే కంపెనీ ఒక చోట "లిమిటెడ్", ఇంకో చోట పొడి అక్షరాలు, మరో చోట అక్షర దోషం. కంప్యూటర్ లెక్కలో అవి మూడు కంపెనీలు! ఎవరికి ఎక్కువ పనులు దక్కాయో వెతికితే, అసలు మొత్తం మూడు ముక్కలై కనబడకుండా పోతుంది. ప్రతి చెల్లింపు పక్కన కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే ఈ తంటా చాలావరకు తీరుతుంది. రంగురంగుల గ్రాఫులు తర్వాత గీసుకోవచ్చు, ముందు ఈ నంబరు చేర్చండి.

[తెర మీద: పెద్ద పెట్టెలు. "విద్య" మీద నొక్కితే లోపలి పెట్టెలు తెరుచుకుంటాయి.]

ఖర్చును దేనికి పెట్టారన్నదాన్ని బట్టి వర్గీకరించే పద్ధతి ఐక్యరాజ్యసమితి దగ్గర ఉంది. అందులో రక్షణ, ఆరోగ్యం, విద్య లాంటివి మొత్తం 10 విభాగాలు. పౌరుడు అక్కడ మొదలుపెట్టి విద్య, పాఠశాలలు, కాంట్రాక్టు, చివరికి బిల్లు దాకా దిగగలగాలి. మంజూరైంది ఎంత, విడుదలైంది ఎంత, నిజంగా ఖర్చయింది ఎంత? ఈ మూడూ పక్కపక్కనే కనిపించాలి. మంజూరైన అంకె ఒక్కటే చూపిస్తే జనం అదంతా ఖర్చయిపోయిందనుకుంటారు.

కాంట్రాక్టు ప్రతి కూడా అక్కడే ఉండాలి. స్లొవేకియాలో 2011 నుంచి ప్రభుత్వ కాంట్రాక్టును ఆన్‌లైన్‌లో పెడితే తప్ప అది అమల్లోకి రాదు. దాచిపెడితే పనే మొదలవదన్నమాట.

[తెర మీద: వరుస చివర "ప్రశ్న అడగండి" బటన్.]

ఇక అనుమానం వస్తే ఎవరిని అడగాలి? ఉక్రెయిన్‌లో డోజోరో అనే వేదిక మీద ప్రభుత్వ టెండర్ల గురించి ఎవరైనా అభ్యంతరం రాయొచ్చు. ఖర్చు లెక్కలకూ అలాంటి వీలు కావాలి. వరుస పక్కనే ప్రశ్న అడగాలి, అది సంబంధిత శాఖకు చేరాలి, జవాబు కూడా ఆ వరుస పక్కనే అందరికీ కనబడాలి.