కొత్తవాళ్లతో మాట్లాడవద్దని చెబితే సరిపోతుందా?

నమస్కారం. పిల్లల భద్రత మాట వచ్చినప్పుడల్లా తల్లిదండ్రుల నోట వినిపించే వాక్యం ఒకటుంది: ‘కొత్తవాళ్లతో మాట్లాడవద్దని మావాడికి గట్టిగా చెప్పాం.’ ఆ ఒక్క మాటతో బాధ్యత తీరిపోయిందనుకోవడం నాకు చాలాకాలంగా చికాకు కలిగిస్తోంది. ఆ సూత్రం ఎక్కడ బెడిసికొడుతుందో ముందు చూద్దాం.

2005 జూన్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రపు పర్వతాల్లో 11 ఏళ్ల బాలుడొకడు తప్పిపోయాడు. నాలుగు రోజులపాటు స్వచ్ఛంద కార్యకర్తలు పెద్ద సంఖ్యలో అడవిని గాలించారు. బాలుడు ప్రాణాలతో దొరికిన తర్వాత తెలిసిన సంగతేమిటంటే, మనుషులు అటుగా వస్తున్న ప్రతిసారీ అతడే దారి వదిలి పక్కకు తప్పుకున్నాడు. తెలియనివాళ్లు ఎత్తుకుపోతారని అతనికి భయం. పెద్దలు చెప్పిన మాటను ఆ పిల్లవాడు తు.చ. తప్పకుండా పాటించాడు, అందుకే అన్నాళ్లు దొరకలేదు.

ఈ సూత్రంలోని లోపం ఏమిటంటే, అది ఎదుటి మనిషి ఎవరో చూడమంటుందే తప్ప ఏం చేస్తున్నాడో చూడమనదు. ‘కొత్త మనిషి’ అనగానే చిన్నపిల్లల ఊహలోకి వచ్చేది వికారమైన ముఖం, మాసిన బట్టలు. నవ్వుతూ పలకరించి, సంచి మీద రాసి ఉన్న పేరు చదివి పిలిచిన వ్యక్తి ఐదు నిమిషాల్లో వారికి తెలిసినవాడైపోతాడు. పైగా పిల్లలను లైంగికంగా వేధించేవారిలో అత్యధికులు ఆ పిల్లలకు ముందే తెలిసినవారు: బంధువులు, ఇరుగుపొరుగువారు, నమ్మకంగా ఇంటికి వచ్చిపోయేవారు. వారి విషయంలో ఈ సూత్రం ఒక్క మాటైనా చెప్పదు.

దీని బదులు పిల్లలకు నేర్పవలసిన మొదటి ప్రశ్న, ‘ఎవరు ఎవరి దగ్గరికి వచ్చారు?’ అన్నది. తప్పిపోయిన పిల్లవాడు తానే వెళ్లి, బిల్లింగ్ కౌంటర్ దగ్గరి ఉద్యోగినినో, పిల్లలను వెంటబెట్టుకుని ఉన్న తల్లినో ఎంచుకుని సహాయం అడగడం చాలావరకు క్షేమమైన పని. ఒక పెద్దమనిషి తానే వచ్చి, ‘నా కుక్కపిల్ల కనిపించడం లేదు, కాస్త వెతికిపెడతావా?’ అని అడిగితే మాత్రం అనుమానించాలి, ఎందుకంటే సహాయం కావలసిన పెద్దలు పెద్దలనే అడుగుతారు. రెండవ ప్రశ్న, ‘నన్ను చూసుకుంటున్నవారికి చెప్పకుండా కదలమంటున్నారా?’ అన్నది. అడిగింది మామయ్య అయినా సరే, చెప్పకుండా రమ్మంటే వెళ్లకూడదు.

యూటా బాలుడికి ఈ ప్రశ్నలు తెలిసి ఉంటే, సహాయం కోసం మనుషుల దగ్గరికి తానే వెళ్లవచ్చని అతనికి తోచి ఉండేది. అయితే అక్కడ ఇంకో మాట కూడా విడిగా చెప్పి ఉంచాలి: నువ్వు తప్పిపోతే మేము ఒక్కరమే వెతకం, నీకు తెలియనివారు కూడా వెతుకుతారు, వారికి బదులు పలకాలి.

తప్పిపోయామని తెలిసిన వెంటనే ఆగిపోవడం కూడా నేర్పవలసినదే. 1981లో కాలిఫోర్నియాలోని పాలోమర్ పర్వతం మీద తొమ్మిదేళ్ల బాలుడు తప్పిపోయి మరణించిన తర్వాత, అతని కోసం వెతికినవారు కొందరు పిల్లల కోసం ఒక శిక్షణ కార్యక్రమం ప్రారంభించారు. దాని సారాంశం, దారి తప్పితే ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండిపొమ్మని. తిరిగేకొద్దీ గాలించవలసిన ప్రాంతం పెరిగిపోతుంది. జనసమూహంలో చెట్టు బదులు ఒక స్తంభం పనికొస్తుంది. అక్కడ నిలబడి ‘అమ్మా’ అని అరిస్తే పదిమంది తల్లులు తిరిగి చూస్తారు కాబట్టి, అమ్మ పేరు పెట్టి అరవమని చెప్పండి. అది మర్యాద కాదని వెనకాడే పిల్లలుంటారు, ఆ ఒక్క సందర్భంలో తప్పు లేదని ముందే అనుమతి ఇవ్వాలి.

ఇదంతా కూర్చోబెట్టి చెబితే వచ్చేది కాదు. జాగ్రత్తలన్నీ గడగడా అప్పజెప్పిన పిల్లలే, పరీక్షించడానికి వచ్చిన కొత్త వ్యక్తి వెంట నడిచి వెళ్లిపోవడం 1980ల నుంచి జరిగిన ప్రయోగాల్లో కనబడింది. ఒడ్డున కూర్చుని ఈత గురించి ఎంత విన్నా నీళ్లలో చేతులు ఆడవు. ఆడించి, తప్పు దిద్ది, మళ్లీ ఆడించాలి.

ఇంట్లో ఒంటరిగా ఉండే సందర్భాన్నే తీసుకోండి. మీరు బయటికి వెళ్లి తలుపు మూయించి, గొంతు మార్చి, ‘పార్సిల్ వచ్చింది, సంతకం కావాలి, మీ అమ్మగారికి ఫోన్ చేసే చెప్పాను’ అనండి. చాలామంది పిల్లల చేయి ఆ చివరి మాటకు గడియ మీదికి వెళుతుంది. తలుపు తెరవకుండానే, ‘అమ్మ పనిలో ఉంది, బయట పెట్టి వెళ్లండి’ అనడం అలవాటయ్యేదాకా ఆడించండి. పలకకుండా ఊరుకోమని కొందరు సలహా ఇస్తారు. నాకది నచ్చదు, ఎవరూ లేరనుకుని తాళం పగలగొట్టేవారు కూడా ఉంటారు.

సమయం అయిపోవస్తోంది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. వంటగ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయకూడదు, ఆపకూడదు కూడా, రెండింటిలోనూ నిప్పురవ్వ పుట్టవచ్చు. బయటికి వచ్చాకే ఫోన్ చేయాలి. మంటలు చూస్తే చిన్నపిల్లలు మంచం కింద, అలమరలో దాక్కుంటారు, అందువల్ల పొగ కిందుగా వంగి బయటికి పాకడం ఆటలాగా నేర్పండి. బొమ్మ కోసం కూడా వెనక్కి వెళ్లకూడదు. ఫోన్ లాక్ అయి ఉన్నా అత్యవసర నంబరు కలుస్తుందని చూపించండి, కానీ సాధనలో నిజంగా కలపనివ్వకండి. ఎంత వయసు నుంచి ఒంటరిగా వదలవచ్చని చాలామంది అడుగుతారు. నన్నడిగితే వయసు కంటే ముందు, ఇంటి చిరునామాను తడబడకుండా ఫోన్‌లో చెప్పగలరో లేదో చూడాలి.